పడవలన్నీ గట్టునున్న రోజు

మాది కరీంనగర్ వైపు పల్లె. చెరువు నిండితేనే ఊరంతా వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. అలాంటిదాన్ని వారం రోజులు సముద్రం పక్కన తిరిగొచ్చానంటే, అది నా ఉద్యోగం పుణ్యమే.

విదేశీ కంపెనీలు తమ వస్తువులతో పాటు పంపే శిక్షణ సినిమాలనీ, బొమ్మల పుస్తకాలనీ తెలుగులోకి తేవడం నా పని. హైదరాబాదులో ఒక చిన్న గదిలో కూర్చుని కలుపుతీసే యంత్రానికీ, చక్కెర జబ్బు మిషనుకీ, పిల్లల కారు సీటుకీ తెలుగు నేర్పాను. పోయినేడు నార్వే నుంచి ఒక పని వచ్చింది. అది నీళ్ళలో పడ్డ మనిషిని తేల్చి ఉంచే లైఫ్ జాకెట్లు చేసే కంపెనీ. చేపల వేటకి వెళ్ళేవాళ్ళకి వాటి వాడకం నేర్పే సినిమా ఒకటి పంపింది. సినిమా మొదట్లో ఒక ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. "ఆ పొద్దున ఆయన దీన్ని వేసుకుని ఉంటే ఇవాళ నా పక్కన కూర్చునేవాడు" అంటుంది. ఆవిడకి తెలుగులో గొంతు ఇచ్చింది నేనే. బాగా వచ్చిందని అందరూ అన్నారు.

కోస్తా అంతటా చూపించే ముందు ఒక ఊళ్ళో చూపించి, మార్పులేమైనా ఉంటే చేద్దామన్నారు. నెల్లూరు తీరం ఎంచుకున్నారు. నార్వే నుంచి కారిన్ అనే ఆవిడ వస్తోంది, ఆవిడతో నువ్వు వెళ్ళాలి అన్నారు. బట్టలు సర్దుకున్నాను.

నెల్లూరు: కారం దోశ

కారిన్‌కి యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. ఇంగ్లీషు నిదానంగా, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు మాట్లాడుతుంది. నవ్వాల్సిన అవసరం లేనప్పుడు నవ్వదు. మొదటి రోజు నాకు కొంచెం భయం వేసింది.

స్టేషన్ బయట సన్నగా వాన పడుతోంది. పక్క వీధిలో పొగలు కక్కుతున్న పెనం కనిపిస్తే అక్కడికే వెళ్ళాం. దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి ఇచ్చారు. హైదరాబాదులో ఇదే దోశకి నెల్లూరు పేరు తగిలించి రెట్టింపు తీసుకుంటారు. కారిన్ మొదటి ముక్క తినగానే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. హోటలాయన పరుగున వచ్చాడు.

"అమ్మకి కారం తగిలినట్టుండాదే! నెయ్యి ఇంకొంచెం ఎయ్యమంటారా?"

నేను అడిగేలోపే కారిన్ పళ్ళెం ముందుకి జరిపి వేలు చూపించింది, ఇంకొకటి కావాలని. ఆయనకి ఎంత సంతోషమైందో, నెయ్యికి డబ్బులు వేసుకోలేదు. "యా దేశమైతే ఏంది, నాలిక నాలికేగా" అన్నాడు నాతో. ఆ మాట తీరు నాకు కొత్త. మా వైపు "ఎక్కడుంది" అంటాం, ఇక్కడ "యాడుండాది" అంటారు. సినిమాలో నేను చెప్పించిన పుస్తకాల తెలుగు వీళ్ళకి ఎలా వినిపిస్తుందో అని అప్పుడే కొంచెం అనుమానం మొదలైంది.

కృష్ణపట్నం: నిన్నటి పులుసు

రేవుకి వెళ్ళే దారంతా లారీలు. రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లగా ఉన్నాయి. దూరంగా విద్యుత్ కేంద్రం గొట్టాలు. ఓడల దగ్గరికి పడవల్లో వెళ్ళి పనిచేసేవాళ్ళ కోసం ఒక కాంట్రాక్టరు హాలు ఇచ్చాడు. సినిమా చూపించాం. అందరూ బుద్ధిగా చూశారు. అది వేసుకోకపోతే గేటు లోపలికి రానివ్వరు కాబట్టి వాళ్ళకి కొత్తగా నేర్పేదేమీ లేదు. ముసలావిడ మాట్లాడుతున్నప్పుడు ఒకాయన నా వైపు వంగి టీ ఎప్పుడిస్తారని అడిగాడు.

"పని అయినట్టే కదా" అంది కారిన్ బయటికొచ్చాక. నాకూ అలాగే అనిపించింది.

భోజనానికి దారిలో ఒక పాకలో ఆగాం. వడ్డించే ఆవిడ అడిగింది: "చేపల పులుసు నిన్నటిది ఉండాది, ఇయ్యాల్టిది ఉండాది. ఏది ఎయ్యమంటారు?" నేను కారిన్‌కి చెబితే, నిన్నటిదైతే చవకగా ఇస్తారేమో అడగమంది. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నిన్నటిదే పదిరూపాయలు ఎక్కవమ్మా. రాత్రంతా ఊరినాది గదా!" నిన్నటిదే తిన్నాం. ఆవిడ అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు.

వాకాడు వైపు: జాకెట్టు

అసలు పని వాకాడు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెలో. ఒక పక్క ఇసుక, అలలు. ఇంకో పక్క వరిపొలాలు, ఉప్పునీటి పాయ. పడవలు కట్టే రేవు లేదు. మగవాళ్ళు గుండెల్లోతు నీళ్ళలో నిలబడి పడవని అలల మీదికి తోసి, చివరి క్షణంలో ఎగిరి ఎక్కుతారు. మా సినిమాలో నార్వే వాళ్ళు చెక్క వంతెన మీంచి బూట్లు తడవకుండా పడవలోకి అడుగు పెడతారు. నేను ఆ తేడా చెప్పేలోపే కారిన్ పుస్తకంలో ఏదో రాసుకుంది.

తుఫానులప్పుడు ఊరంతా తలదాచుకునే తుఫాను భవనంలో చాపలు వేశారు. చేపల వేలంపాట అయ్యాక ఆడవాళ్ళు గంపలు బయట పెట్టి వచ్చి కూర్చున్నారు. కొంతమంది మగవాళ్ళు వేటలో ఉన్నారు, కొంతమంది వచ్చారు. మహిళా సంఘం పెద్ద శేషమ్మ ముందు వరసలో కూర్చుంది. బలమైన మనిషి. ఎండకి కమిలిన ముఖం, ఖాళీ నుదురు.

నేను లేచి నిలబడి గొంతు సవరించుకుని, "ఇది లైఫ్ జాకెట్. మగవాళ్ళందరూ ఇది తప్పకుండా వేసుకోవాలి" అన్నాను.

ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

"మేయ్, మీ ఆయనకి జాకెట్టు కుట్టియ్యాలంట, కొలతలు తీసుకో!" అంది వెనకనుంచి ఎవరో.

శేషమ్మ కొడుకు శీనయ్యకి పాతికేళ్ళుంటాయి. ఆ నారింజరంగు వస్తువుని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకున్నాడు. "జాకెట్టా? నేనా? రేపు ఒడ్డున తలెత్తుకోని తిరగొద్దా అక్కా?"

నేనూ నవ్వేశాను. కారిన్‌కి విషయం చెబితే ఆవిడ కూడా నవ్వింది. నవ్వుల మధ్యే సినిమా మొదలుపెట్టాను.

కిటికీ, ముసలావిడ, ఆవిడ నోట నా గొంతు. "ఆ పొద్దున ఆయన..." అంటుండగానే శేషమ్మ చెయ్యెత్తింది.

"ఆపు పాపా. ముందు ఆపు దాన్ని."

ఆపాను.

"మొగోళ్ళు నీళ్ళమీద ఉండారు. ఇట్టాంటి మాట మేము యినకూడదు." ఆవిడ లేచి నిలబడింది. కోపం లేదు ముఖంలో. "మీరు మంచికే చెప్తుండారు, కాదనం. ఈ ఏళప్పుడు కాదు."

అందరూ లేచారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. చాపలు చుట్టి గోడకి ఆనించి మరీ వెళ్ళారు. ఒక పడుచు పిల్ల మాత్రం బయటికి రాగానే కొంగు నెత్తిన వేసుకుని నేరుగా సముద్రం వైపు నడిచింది. ఆమె భర్త ఆ పొద్దున వెళ్ళిన పడవలో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆమె అడుగుల వేగం చూశాక నాకు నా గొంతు మీదే అసహ్యం వేసింది.

కోటకి వెళ్ళే ఆటోలో

మా బస కోటలో. ఆటోలో కారిన్ బయట వరిచేలు చూస్తూ కూర్చుంది. నేను ఆగలేక చెప్పేశాను. ఆ మొదటి ముక్క తీసెయ్యాలి. ఇక్కడ భర్త నీళ్ళ మీద ఉండగా భార్య ఆ మాట వినదు. మిగతా సినిమా ఎంత బాగున్నా దీనివల్ల ఎవరూ చూడరు.

"తీసేద్దాం" అంది కారిన్ వెంటనే.

కాసేపయ్యాక మళ్ళీ అంది, "ఆవిడ మా అమ్మ."

ఆటో చప్పుడుకి సరిగా విన్నానో లేదో అనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. వాళ్ళది ఉత్తరాన ఒక చేపల ఊరు. ఆవిడ బడిలో ఉండగా తండ్రి వేటకెళ్ళి రాలేదు. ఆ రోజుల్లో అక్కడ కూడా మగవాళ్ళు వీటిని వేసుకోవడం నామోషీ అనుకునేవారట. తల్లి ఆ సంగతి ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురు ఈ కంపెనీలో చేరి అడిగితే, ఒక్కసారి, ఆ కెమెరా ముందు మాట్లాడింది.

"మా దగ్గర ఆ ముక్క చూశాకే మనుషులు వేసుకున్నారు. కానీ మీరు చెప్పింది నిజం. తీసెయ్యండి" అంది.

ఆవిడ తల్లి జీవితంలో ఒక్కసారి అన్న మాటకి నేను తెలుగు చేశాను, ఇప్పుడు నేనే కత్తిరించమంటున్నాను. ఆ సాయంత్రం ఇద్దరం ఇడ్లీ తిని పెందలాడే పడుకున్నాం.

పాయలో: పట్టీ గొడవ

మర్నాడు క్షమించమని అడగడానికి శేషమ్మ ఇంటికి వెళ్ళాం. ఆవిడ అసలు ఆ ఊసే ఎత్తలేదు. టీ ఇచ్చి, నారింజరంగు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మొగోళ్ళకేనా? మేము రొయ్యలకి పాయలో పోతాం. మా నాటుపడవ తిరగబడదా ఏంది?"

కారిన్ ముఖం వెలిగింది. సినిమాలో ఒక్క ఆడమనిషి లేదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడే తట్టింది. శేషమ్మ వేసుకుంది. ముందు బకిల్స్ పెట్టుకుంది. కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి కట్టే పట్టీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. చీర మీద అది ఎలా కడతారు?

"ఇది కోసేస్తే సరి. కత్తెర తే శీనయ్యా."

"వద్దు!" అంది కారిన్, తెలుగు రాకపోయినా కత్తెర చూసి. ఆ పట్టీ లేకపోతే నీళ్ళలో ఇది పైకి లేచి ముఖానికి అడ్డం వస్తుందని నాతో చెప్పించింది. శేషమ్మ నమ్మలేదు. "తేలేది తేలద్దిలే" అంది.

"చూద్దాం పదండి" అంది కారిన్.

పాయకి వెళ్ళాం. ఎవరు దూకాలి? కారిన్ దూకితే ఈతొచ్చిన మనిషి కాబట్టి తేలిందంటారు. నాకు ఈత రాదు. ఆ మాట నేనే అనేశాను. అందరూ నన్ను చూశారు.

పడవలో మధ్యకి తీసుకెళ్ళారు. పట్టీ బిగించిందీ లేనిదీ కారిన్ రెండుసార్లు లాగి చూసింది. మొత్తానికి నేను దూకలేదు. దూకడానికి లేచి నిలబడితే పడవ ఊగి, పక్కకి ఒరిగి పడ్డాను. చెవుల్లో నీళ్ళు, నోట్లో ఉప్పు, అమ్మా అని అరిచినట్టు గుర్తు. తర్వాత చూసుకుంటే తల పైనే ఉంది. గడ్డం కింద ఎవరో చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నట్టుంది. నా చెప్పు ఒకటి మాత్రం కొట్టుకుపోయింది.

"పాప తేలతాంది!" అని గట్టు మీద చప్పట్లు.

పట్టీ కట్టకుండా శేషమ్మ దిగింది. ఆవిడకి ఈత వచ్చు కాబట్టి భయం లేదు. దిగీ దిగగానే అది చెవుల దాకా ఎగదన్నింది. రెండు చేతులతో కిందికి లాక్కుంటూ, ఉక్కిరిబిక్కిరవుతూ, నవ్వుతూ వచ్చింది. "నిజమే చెప్పినాది కారినక్క. పీక పట్టుకున్నట్టుండాది."

అప్పుడు ఆవిడ మగవాళ్ళని గట్టు అవతలికి పొమ్మంది. రొయ్యలకి దిగేటప్పుడు కట్టుకునేట్టే చీర గోచి పోసి కట్టుకుంది. పట్టీ దానిమీద చక్కగా కూర్చుంది, కానీ తొడల దగ్గర ఒరుసుకుంటోందంది. కారిన్ ఇది నోట్ చేసుకోలేదు, చేత్తో కొలుచుకుంది.

తడి బట్టలతో గట్టుమీద కూర్చున్నాం. ఎవరో ఉడికించిన చిలగడదుంపలు తెచ్చారు. శేషమ్మ కొంగు పిండుకుంటూ హఠాత్తుగా అడిగింది:

"ఆ బొమ్మలో ముసలామె ఎవురు?"

కారిన్‌కి ఆ ప్రశ్న చెప్పి, జవాబివ్వనా అన్నట్టు చూశాను. తలూపింది. చెప్పాను.

శేషమ్మ దుంప తొక్క మొత్తం తీసింది. తర్వాత, "ఎల్లుండి శ్రీహరికోటలో రాకెట్ పోయే దినం. మా పడవలు దిగనియ్యరు. మొగోళ్ళంతా గట్టునే ఉంటారు. ఆ రోజు తీసుకోని రాండి. మొదట్నించీ చూస్తాం" అంది.

ముందురోజు ఆవిడ "ఈ ఏళప్పుడు కాదు" అన్న మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

కోట: మస్తాన్ కుట్టు

మధ్యలో ఉన్న రోజు కోటలో మస్తాన్ గారి కొట్లో గడిచింది. లారీలకి టార్పాలిన్లు, ట్రాక్టర్లకి సీట్లు కుట్టే మనిషి. తెల్ల టోపీ, నోట్లో ఎప్పుడూ దారం ముక్క. కారిన్ పట్టీ చూపించి, వెడల్పుగా, మెత్తగా కావాలంది. ఆయన గుడ్డలు తీశాడు. ఆవిడ ఒక్కోటీ పట్టుకుని లాగి చూసి వద్దంది. ఆయన ఇంకొకటి తీశాడు. చివరికి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, మధ్యలో బల్లకి కాలు తన్ని లాగారు. తెగలేదు.

"గట్టిగానే లాగతాదే ఈయమ్మ!" అన్నాడు మస్తాన్ గారు ఆనందంగా. మధ్యాహ్నం వాళ్ళింటి నుంచి మాకూ అన్నం క్యారియరు తెప్పించాడు.

మూడు వరసల కుట్టు వేసిన ఆ పట్టీని కారిన్ సంచిలో పెట్టుకుంది. దాన్ని నార్వే తీసుకెళ్ళి పరీక్ష చేయించందే ఎవరికీ ఇవ్వనంది. ఊళ్ళోవాళ్ళు అప్పుడే కుట్టించుకుంటామంటే ఒప్పుకోలేదు. మాటలు మార్చుకోవచ్చు, తేలే సంగతిలో మాత్రం తొందర పనికిరాదని ఆవిడ పట్టు. నాకు అది నచ్చింది.

రాకెట్ పోయే రోజు

పడవలన్నీ ఇసుక మీద వరసగా ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటూ మగవాళ్ళు, వంటల దగ్గర ఆడవాళ్ళు. పొద్దున శ్రీహరికోట వైపు ఆకాశంలో ఒక వెలుగు లేచింది, కాసేపటికి కిటికీలు గడగడలాడాయి. నేనూ కారిన్ నోరు తెరుచుకుని చూశాం. మిగతావాళ్ళు ఒకసారి తలెత్తి మళ్ళీ పనిలో పడ్డారు.

తుఫాను భవనం నిండిపోయింది. ముందు నేను లేచి, దీని పేరు ఇకనుంచి కోటు అన్నాను. "ఆఁ, కోటంటే ఏసుకుంటాం" అన్నాడు శీనయ్య. సినిమా మొదలైంది.

ముసలావిడ మాట్లాడుతుంటే ఎవరూ కదల్లేదు. మొదటి రోజు సముద్రం వైపు నడిచిన పడుచుపిల్ల ఈసారి భర్త పక్కనే కూర్చుని ఉంది. అతని చొక్కా అంచు పట్టుకుని చూసింది. శేషమ్మ కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. అయిపోయాక ఎవరినీ చూడకుండా అంది, "మా ఆయన పోయేప్పటికి శీనయ్య నా చంకలో ఉన్నాడు."

తిరిగొచ్చాక సినిమా మార్చాం. ఇప్పుడు అది గోచి పోసి కోటు కట్టుకుంటున్న శేషమ్మతో మొదలవుతుంది. కిటికీ పక్క ముసలావిడ ముక్కని కత్తిరించలేదు. విడిగా పెట్టి, పడవలన్నీ గట్టునున్న రోజే చూపించాలని శిక్షకుల పుస్తకంలో రాశాను. కొత్త పట్టీ పరీక్షలో నెగ్గిందని కారిన్ రాసింది. ఊళ్ళో అందరూ వేసుకుంటున్నారని చెప్పను. కొందరు పడవలో తలకింద పెట్టుకుంటున్నారట. అలల్లో పడవ తోసేటప్పుడు ముందు వైపు అడ్డం వస్తోందట, దానిమీద ఇంకా పని జరుగుతోంది. శీనయ్య మాత్రం వేసుకుంటున్నాడని శేషమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఆ రోజు సినిమా అయ్యాక జరిగింది ఇంకొకటి ఉంది. శేషమ్మ నన్ను అడిగింది, "ఆ ముసలామె ఇప్పుడు ఉండాదా?"

నేను చెబితే, ఉందంది కారిన్. ఏమనుకుందో, ఫోన్ తీసి వీడియో కలిపింది. మనకి మధ్యాహ్నం, వాళ్ళకి అప్పుడే తెల్లవారింది. తెరమీద అదే కిటికీ, అదే మనిషి, ఇంకొంచెం ముసలిదై. చీరలు కట్టుకున్న ఇంతమంది ఆడవాళ్ళని చూసి ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. కారిన్ వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆవిడ శేషమ్మని వెతికి చూసి ఒక ప్రశ్న వేసింది. కారిన్ ఇంగ్లీషులో నాకు, నేను తెలుగులో శేషమ్మకి.

"మీ ఆయన దొరికాడా అని అడుగుతోంది."

"లేదు" అంది శేషమ్మ. "వాళ్ళాయన?"

ఆ ప్రశ్న నా మీదుగా, కారిన్ మీదుగా అక్కడికి చేరింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

శేషమ్మ తెరకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. కిటికీ బయట తెల్లగా ఉన్నదేంటని అడిగింది. మంచు అన్నాను.

"అంత చలిలో కిటికీ కాడ ఎందుకు కూసోనుండాది?"

ఈ ప్రశ్నని కారిన్ తన తల్లికి చేర్చలేదు. తనే నాకు జవాబిచ్చింది. "అక్కణ్ణించి సముద్రం కనిపిస్తుంది."

చెప్పాను. శేషమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"అయితే అది అడగబాక పాపా. అన్నం తిన్నాదా అడుగు."

ఆ మాట రెండు భాషలు దాటి వెళ్ళింది. ఆవిడ ఆశ్చర్యపోయి, ఇంకా ఏమీ తినలేదంది.

"పొద్దెక్కలా? ముందు లేచి తినమను. మేము ఈడనే ఉంటాం."

కారిన్ ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. తెరమీద ఆ పెద్దావిడ చిన్నగా నవ్వింది. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, కిటికీ దగ్గర నుంచి లేచి, వంటగది వైపు నడిచింది.